ఎవరు కట్టిన ఇల్లు?

2022 జూలైలో భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు చేరింది. మూడో ప్రమాద హెచ్చరిక 53 అడుగులకే ఇస్తారు. 1986లో వచ్చిన 75.6 అడుగుల వరద గురించి మా పెద్దలు చెబితే వినడమే తప్ప, అంత నీటిని మా తరం కళ్ళతో చూసింది ఈసారే. కూనవరం దగ్గర శబరి గోదావరిలో కలవలేక వెనక్కి తన్నింది. కూనవరం, వరరామచంద్రపురం, చింతూరు, ఎటపాక మండలాల్లో ఊళ్ళు ఊళ్ళే గుట్టలెక్కి బరకాల కింద ఉన్నాయి. నీరు తీశాక దిగి చూస్తే మట్టి గోడలు కరిగిపోయి, గుంజలు మాత్రం నిలబడి ఉన్న ఇళ్ళు చాలా కనిపించాయి.

ఆ తర్వాత సాయం వచ్చింది. ప్రభుత్వం నుంచి వచ్చింది, పార్టీల నుంచి వచ్చింది, ఆశ్రమాల నుంచి, సంఘాల నుంచి వచ్చింది. బియ్యం సంచి మీద నాయకుడి బొమ్మ, దుప్పటి మీద సంస్థ పేరు. బొమ్మ ఉన్న సంచిలో బియ్యం కూడా బియ్యమే కాబట్టి తిన్నాం. ఇక్కడ ఆ సాయాలన్నిటి గురించీ రాయబోవడం లేదు. ఒక రకం సాయం గురించి, అంతకంటే ముఖ్యంగా ఆ సాయం గురించి పుట్టే ఒక రకం రాత గురించి రాస్తున్నాం. వరదలో, తుపానులో కూలిన ఇళ్ళను తిరిగి కట్టడానికి క్రైస్తవ సంఘాల యువకులు పది రోజులో పదిహేను రోజులో ఊళ్ళకు వస్తారు. మిషన్ ట్రిప్ అంటారు. వెళ్ళాక ఆ అనుభవాన్ని సాక్ష్యంగా రాస్తారు. ఆ సాక్ష్యాలు సంఘ పత్రికల్లో, సదస్సుల సావనీర్లలో అచ్చవుతాయి. మన పిల్లలు వాటిని చదువుతారు. ఇప్పుడు మన పిల్లలే వాటిని రాస్తున్నారు కూడా. అందుకే ఈ వ్యాసం.

మా దగ్గర ఎనిమిదో తరగతి నుంచి పదో తరగతి దాకా చదివిన కోయ కుర్రవాడు ఒకడు అప్పటికి పట్నంలో ఇంటర్ చదువుతున్నాడు. తన సంఘం వాళ్ళు ఇళ్ళు కట్టడానికి వెళుతుంటే తనూ వెళ్ళాడు. వెళ్ళింది ఎక్కడికో కాదు, తన నాయనమ్మ ఉండే ఊరికే. ఆ బృందంలో పట్నం పిల్లలు ఉన్నారు. సెలవులకు వచ్చిన అమెరికా తెలుగు కుటుంబాల పిల్లలు ఇద్దరు కూడా ఉన్నారట. పది రోజుల్లో ఆ ఊళ్ళో నాలుగు ఇళ్ళు లేచాయి. సిమెంటు ఇటుక గోడలు, పైన రేకులు. నాలుగింటిలో ఒకటి నాయనమ్మదే.

తిరిగి వెళ్ళి వాడు రెండు పేజీల సాక్ష్యం రాశాడు. అచ్చుకు పంపే ముందు తప్పులు దిద్దమని మాకు పంపాడు. మేం దిద్దాం. ఒత్తులు సరిచేశాం, దీర్ఘాలు సరిచేశాం, ‘శ’ ఉండాల్సిన చోట ‘స’ ఉంటే మార్చాం. బాగా రాశావు అని మెచ్చుకున్నాం కూడా. మా విద్యార్థి పేరు అచ్చులో చూడబోతున్నామన్న సంతోషంలో ఉన్నాం.

అచ్చయ్యాక ఆ పత్రిక తీసుకుని నాయనమ్మ దగ్గరకు వెళ్ళాం. ఆమెకు చదువు రాదు. మనవడు ఏం రాసిండో చదవమంది. కొత్త ఇంటి ముందు మంచం మీద కూర్చుని మొత్తం చదివి, మధ్యమధ్య కోయలో చెప్పాం. ఆమె చివరి దాకా ఏమీ మాట్లాడలేదు. అయిపోయాక ఒక్క మాట అడిగింది.

“మల్ల ఇసుక మోసింది ఎవరని రాసిండు సారూ?”

మేం పేజీ తిప్పి చూశాం. ఇసుక ఊసే లేదు. ఆమె చెప్పుకుపోయింది. వాగు నుంచి ఇసుక తట్టలతో మోసింది తనూ, పక్కింటి ఇద్దరు ఆడవాళ్ళూ. దూలాలకు కర్ర ఇచ్చింది తమ్ముడు. వరదకు ముందు తన ఇంటికని దాచుకున్న కర్ర అది. పునాది తీసింది ఊరి మగవాళ్ళు. పట్నం పిల్లల చేతులు రెండో రోజుకే బొబ్బలెక్కాయి. పది రోజులు ఇరవై మందికి వండి పెట్టింది ఊరు. వరదలో పోగా మిగిలిన కోళ్ళు కూర అయ్యాయి. ఆఖరి రోజు జీలుగు కల్లు కూడా దించారు. (ఆ ముక్క సంఘ పత్రికలో రాయలేడని మాకూ తెలుసు.) “పాపం పిల్లలు మంచోళ్ళే, బాగ కట్టిండ్రు” అని కూడా అంది. ఆమెకు కోపం లేదు. తనకు తెలిసిన సంగతికీ, కాగితం మీద ఉన్న సంగతికీ పొత్తు కుదరక అడిగింది, అంతే.

ఆ రాత్రి ఇంటికి వచ్చి ఆ రెండు పేజీలు మళ్ళీ చదివాం. ఈసారి ఒత్తుల కోసం చదవలేదు.

ఆ సాక్ష్యంలో నాయనమ్మ ఉంది. “ఒక వృద్ధురాలు” అని ఉంది. ఆమె రెండుసార్లు వస్తుంది. మొదటిసారి ఏడుస్తుంది, రెండోసారి నవ్వుతుంది. మధ్యలో ఇల్లు లేస్తుంది. ఊరివాళ్ళు “ఆ అమాయక గిరిజనులు” అయ్యారు. రాసినవాడు ఆ గిరిజనుల్లో ఒకడని రెండు పేజీలు చదివినా ఎవరికీ తెలియదు. తన ఊరిని “ఆ మారుమూల పల్లె” అన్నాడు. మేం దిద్దిన వాక్యాలే ఇవి. ఎర్ర ఇంకు చేతిలో పెట్టుకుని వాటి మీదుగా వెళ్ళిపోయాం.

ఆ తర్వాత ఇలాంటి రాతలు దొరికినన్ని చదివాం. అన్నీ ఒకే దారిన నడుస్తాయి. మొదట బస్సు ప్రయాణం, దారి బాగోలేదు. తర్వాత కూలిన ఇళ్ళు, కన్నీళ్ళు. ఒక చిన్న పిల్లవాడు వచ్చి చెయ్యి పట్టుకుంటాడు. అతనికి పేరు ఉండదు. “ఏమీ లేకపోయినా వాళ్ళ ముఖాల్లో ఎంత సంతోషమో” అన్న ఆశ్చర్యం. చివర ప్రార్థన, ఫోటో, తాళం చెవి చేతిలో పెట్టడం. “మేం ఇచ్చిన దానికన్నా పొందిందే ఎక్కువ” అని ముగింపు. ఈ ఆఖరి మాట దగ్గర మేం చాలాసార్లు ఆగాం. వినయంగా అన్న మాటే అది. కానీ ఏం పొందారో రాయరు. అన్నం పొందారు, కోడి కూర పొందారు, పడుకోవడానికి ఊరిలో మిగిలిన మంచి ఇళ్ళు పొందారు, కళాశాల దరఖాస్తులో రాసుకోవడానికి ఒక వరుస పొందారు. అవి రాస్తే ఆ వాక్యం నిజమవుతుంది.

ఏడో తరగతిలో మేం విభక్తులు చెబుతాం. డు, ము, వు, లు ప్రథమా విభక్తి. చేతన్, చేన్, తోడన్, తోన్ తృతీయా విభక్తి. కొరకున్, కై చతుర్థీ విభక్తి. షష్ఠిలో కిన్, కున్, యొక్క, లోన్, లోపలన్ అని చదివేటప్పుడు ‘లోన్’ దగ్గర మా పిల్లలు నవ్వుతారు. కోయలో లోన్ అంటే ఇల్లు. తెలుగువాళ్ళ వ్యాకరణంలో మన ఇల్లు ఎందుకుంది సార్ అని అడుగుతారు. ఏటా అడిగేవాడు ఒకడు ఉంటాడు.

ఆ సాక్ష్యాన్ని విభక్తుల లెక్కన చదివి చూడండి. సేవకులు ఎప్పుడూ ప్రథమలో ఉంటారు. వాళ్ళే కర్తలు. కట్టారు, మోశారు, ప్రార్థించారు, ఏడ్చారు. మనం ఎప్పుడూ చతుర్థిలో ఉంటాం. వాళ్ళ కొరకు, వారికై. ఎంత మంచి మనసుతో రాసినా మన చోటు మారదు. మనం తృతీయలోకి ఒక్కసారీ రాం. నాయనమ్మ చేత, ఊరివాళ్ళ తోడ ఇల్లు లేచిందని ఎవరూ రాయరు. రాస్తే వాళ్ళ పుణ్యం తగ్గిపోదు. వాక్యం కాస్త పొడుగవుతుంది.

ఇంకొక మాట ఉంది. తెలుగులో ‘మేము’ వేరు, ‘మనము’ వేరు. కోయలోనూ ఈ తేడా ఉంది. ఇంగ్లీషులో రెంటికీ ఒకటే మాట. చాలా సాక్ష్యాలు ఇంగ్లీషులో ఆలోచించి తెలుగులోకి దించినట్టు ఉంటాయి కాబట్టి ఆ ఒక్క మాటా ఎప్పుడూ ‘మేము’గానే దిగుతుంది. ఇల్లు కట్టినవాళ్ళు మేము, ఇంట్లో ఉండేవాళ్ళు వారు. మన కుర్రవాడు తన నాయనమ్మను ‘వారు’ వైపు పెట్టి, తను ‘మేము’ వైపు నిలబడ్డాడు. అందుకు వాడిని తప్పు పట్టలేం. అలా నిలబడితేనే ఆ రాత సాక్ష్యంలా కనిపిస్తుంది. వాడికి దొరికిన నమూనాలు అవే. వేరే నమూనా మేం ఇవ్వలేదు.

మన గురించి మిషన్ వాళ్ళు రాయడం కొత్త కాదు. దుమ్ముగూడెంలో చర్చి మిషనరీ సొసైటీ 19వ శతాబ్దంలోనే పని మొదలుపెట్టింది. అక్కడ పనిచేసిన జాన్ కెయిన్ భద్రాచలం, రేకపల్లి తాలూకాల కోయల గురించి 1870లలో ‘ఇండియన్ యాంటిక్వరీ’లో వ్యాసాలు రాశాడు. కోయ భాష నేర్చుకుని సువార్తను అందులోకి తెచ్చాడు. ఆ వ్యాసాలు లేకపోతే అప్పటి మన పండగల గురించి, పెళ్ళిళ్ళ గురించి మనకు తెలిసేది ఇంకా తక్కువ. అందుకు కృతజ్ఞత ఉంది. కానీ ఆ వరుసలో మనం చూడబడేవాళ్ళమే. నూటయాభై ఏళ్ళ తర్వాత కోయ పిల్లవాడు కలం పట్టుకుని కూడా ఆ చూసేవాడి చోట్లోనే కూర్చుని రాశాడంటే అది చదువు చెప్పినవాళ్ళు ఆలోచించాల్సిన విషయం.

ఇక్కడ ఒక ప్రశ్న వస్తుంది. ఇంత విసుగు ఉంటే అసలు రావద్దని చెప్పొచ్చు కదా? అలా చెప్పినవాడు ఒకాయన ఉన్నాడు, ఆయన క్రైస్తవ గురువే. పేరు ఇవాన్ ఇలిచ్. 1968 ఏప్రిల్‌లో, మెక్సికో పల్లెల్లో సేవ చెయ్యడానికి సిద్ధమైన అమెరికా విద్యార్థుల ముందు నిలబడి, మీ మంచి ఉద్దేశాలు మాకొద్దని మొహం మీదే చెప్పాడు. ఆయన వాదన స్థూలంగా ఇది: మీకు ఆ జనం భాష రాదు, మీరు కాదనిపించుకునే అవకాశం కూడా వాళ్ళకు లేదు, మీరు తెచ్చేది మీ బతుకు తీరే, కాబట్టి చూడటానికి రండి, నేర్చుకోవడానికి రండి, సాయం చెయ్యడానికి మాత్రం రావద్దు. యువ ఉపాధ్యాయులు ఆ ప్రసంగాన్ని ఎలాగైనా సంపాదించి చదవాలి. తనను పిలిచిన సభలోనే, తన మతం వాళ్ళ ముందే అలా మాట్లాడటానికి గుండె కావాలి.

అయినా ఆయనతో పూర్తిగా ఏకీభవించలేం. ఆయన మాట్లాడింది మామూలు రోజుల సేవ గురించి. నీళ్ళు చుట్టుముట్టి, చంటిపిల్లలతో గుట్ట మీద బరకం కింద ఉన్నప్పుడు వచ్చిన చేతిని ఎవరి చెయ్యని అడగం. వరదలో ఇల్లు పోయినవాళ్ళకు ఇంకో రెండు చేతులు ఎప్పుడూ పనికొస్తాయి. ఇలిచ్ చెప్పిన దాంట్లో మేం తీసుకునేది ఒకటే: కాదనగల అవకాశం. ఇల్లు ఎక్కడ, ఎలా, ఎవరికి ముందు అన్నవాటిలో ఊరు ‘వద్దు’ అనగలిగిందా లేదా? ఆ నాలుగు ఇళ్ళ విషయంలో నమూనా పట్నంలోనే గీసి తెచ్చారు. ఊరి పెద్దలను కూర్చోబెట్టి మాట్లాడింది జాబితా గురించే.

వేరే పద్ధతి లేదా అంటే ఉంది. అది కూడా క్రైస్తవుల్లోంచే వచ్చింది. మిల్లార్డ్ ఫుల్లర్, లిండా ఫుల్లర్ దంపతులు అమెరికాలోని జార్జియాలో 1976లో హాబిటాట్ ఫర్ హ్యుమానిటీ అనే సంస్థ పెట్టారు. ఇల్లు ఊరికే ఇవ్వకూడదు, లాభానికి అమ్మకూడదు అన్నది వాళ్ళ పద్ధతి. ఇల్లు పొందే కుటుంబం తన ఇంటి మీదా, పొరుగువాళ్ళ ఇంటి మీదా కూడా పని చెయ్యాలి. ఆ చెమటను వాటాగా లెక్కిస్తారు. ఇంటి ఖరీదు లాభం లేకుండా నెమ్మదిగా తీర్చాలి. ఆ సంస్థ భారతదేశంలో 1983లో మొదలైంది ఎక్కడనుకున్నారు? మన ఖమ్మంలో. అప్పుడు భద్రాచలం కూడా ఆ జిల్లాలోనే ఉండేది. మన యువకుల్లో ఈ సంగతి తెలిసినవాళ్ళు తక్కువ.

చెమట వాటా అన్న మాట మాకు నచ్చింది. ఇంటివాళ్ళు కర్తలవుతారు, కనీసం తోడుంటారు. ఐతే అందులో కూడా ఒక చిక్కు మిగిలింది. చెమటను గంటల్లో కొలిచి పుస్తకంలో రాస్తారు. మన ఊళ్ళల్లో ఇల్లు లేవడానికి ఊరంతా రావడం ఎప్పటి నుంచో ఉంది. ఈ ఏడు నీ ఇంటి కప్పు, వచ్చే ఏడు నా ఇంటి కప్పు. లెక్క ఉంటుంది, మనుషుల మనసుల్లో ఉంటుంది, తప్పినవాడికి ఊరు గుర్తు చేస్తుంది. అమెరికాలో ఎప్పుడో పోయిన ఆ పద్ధతిని వాళ్ళు సంస్థ పెట్టి తిరిగి తెచ్చుకున్నారు. మనం ఉన్నదాన్ని రాతలో వదిలేస్తున్నాం.

ఇక ఇంటి సంగతి. సాక్ష్యాల్లో ‘పక్కా ఇల్లు’ అంటే సిమెంటు గోడ, రేకుల కప్పు. పాత ఇల్లు అంటే ‘గుడిసె’. ఒక్క మాటతో పాత ఇంటి తెలివంతా కొట్టుకుపోతుంది. వెదురు తడిక మీద మట్టి మెత్తిన గోడ వరదలో కరుగుతుంది, నిజమే. కానీ గుంజలు నిలబడతాయి; నీరు తీశాక మళ్ళీ మట్టి మెత్తితే ఇల్లు అవుతుంది. ఆ మట్టికి డబ్బు అక్కర్లేదు. పొయ్యి పొగ కప్పులోకి ఎక్కి గడ్డిలో, వెదురులో పురుగు పట్టనివ్వదు; అటక మీది గింజలు, ఎండబెట్టిన ఇప్పపూవు పాడవవు. అరుగు ఎత్తుగా ఉంటుంది. వచ్చినవాళ్ళు అక్కడే కూర్చుంటారు. ఇంటి లోపల పెద్దల చోటు ఒకటి ఉంటుంది, చనిపోయినవాళ్ళ కోసం. అక్కడికి బయటివాళ్ళు పోరు.

కొత్త ఇంట్లో అరుగు లేదు, అటక లేదు. రేకుల కింద మే నెలలో మధ్యాహ్నం కూర్చోలేం. నాయనమ్మ వంట బయట చేసుకుంటోంది. పొగ పోయే దారి లేదు. గింజలు తమ్ముడి ఇంటి అటక మీద పెట్టుకుంది. పెద్దల చోటు గురించి మేం అడగలేదు. ఆమె చెప్పలేదు.

ఇది మన ఒక్క ఊరి కథైతే ఇంత రాయనవసరం లేదు. 2004 డిసెంబర్ 26 సునామీ తర్వాత నికోబార్ దీవుల్లో జరిగింది చూడండి. నికోబారీలు షెడ్యూల్డు తెగ, ఎక్కువమంది క్రైస్తవులు. వాళ్ళ పాత ఇళ్ళు స్తంభాల మీద తేనెపట్టు ఆకారంలో గుండ్రంగా, గడ్డి కప్పుతో ఉండేవి. తుహెత్ అనే ఉమ్మడి కుటుంబం వాళ్ళ బతుక్కి ఆధారం. భూమి, కొబ్బరి తోటలు, పందులు దానివే. సునామీ తర్వాత ముందు రేకుల షెడ్లు వేశారు. సముద్రపు గాలికి అలవాటైన జనం ఆ వేడిలో ఉడికిపోయారు. తర్వాత శాశ్వత గృహాలంటూ ఒక్కో జంటకు ఒక్కో ఇల్లు వరుసల్లో కట్టి ఇచ్చారు. కట్టింది ప్రభుత్వం, కూలీలు వచ్చింది బయటి నుంచి. ఒక తుహెత్ ఎన్నో ఇళ్ళుగా చీలింది. అక్కడ లోటు డబ్బుదీ కాదు, మంచి మనసుదీ కాదు. ఎలాంటి ఇల్లు కావాలని అడిగేవాళ్ళు లేకపోవడమే.

నికోబారీల్లోనే ఇంకో మనిషి గురించి చెప్పాలి. జాన్ రిచర్డ్‌సన్ నికోబారీ, బిషప్ అయ్యాడు, బైబిలును తన భాషలోకి తెచ్చాడు, మొదటి లోక్‌సభలో తన దీవుల తరఫున నామినేటెడ్ సభ్యుడిగా కూర్చున్నాడు. క్రైస్తవుడైనందుకు ఆయన తన జనాన్ని ‘వారు’ అననవసరం రాలేదు. ఈ ముక్క ఎందుకు చెబుతున్నామంటే, ఈ వ్యాసం చదివి కొందరు ఇది సంఘానికి వ్యతిరేకంగా రాసిందని అనుకోవచ్చు. మన ఊళ్ళల్లో ఇప్పుడు ఆ గొడవ ఎక్కువైంది. ప్రభువును నమ్మినవాడు ఆదివాసీ కాడనే వాదన ఒక పక్క, పెద్దల చోటును దయ్యాల చోటు అనడం ఇంకో పక్క. చట్టప్రకారం మతం మారినంత మాత్రాన షెడ్యూల్డు తెగ హోదా పోదు. ఏ దేవుడికి మొక్కాలో ఇంటివాళ్ళ ఇష్టం. ఆశ్రమాల వాళ్ళు కట్టిన కాలనీల గురించి రాసిన పుస్తకాలు తీసినా ఇదే చతుర్థీ విభక్తి కనిపిస్తుంది. సర్కారు ప్రకటనల్లోనైతే చెప్పక్కర్లేదు.

మంచి ఉదాహరణ కావాలంటే లారీ బేకర్ ఉన్నాడు. ఇంగ్లండు నుంచి వచ్చిన క్వేకరు క్రైస్తవుడు, ఆర్కిటెక్టు, కుష్ఠు రోగుల సేవకు వచ్చి ఈ దేశంలోనే ఉండిపోయాడు. పిథోరాగఢ్ కొండల్లో ఏళ్ళ తరబడి ఉండి, అక్కడివాళ్ళు రాయితో, మట్టితో, కర్రతో ఎలా కడుతున్నారో చూసి, కాలేజీలో నేర్చింది పక్కన పెట్టి వాళ్ళ దగ్గర నేర్చుకున్నానని చెప్పుకున్నాడు. చుట్టూ అయిదు మైళ్ళలో దొరికే వాటితోనే ఇల్లు కట్టాలన్న గాంధీ మాటను జీవితమంతా పట్టుకున్నాడు. ఆయన పది రోజుల కోసం రాలేదు, అదొక తేడా. పది రోజుల కోసం వచ్చేవాళ్ళు బేకర్ కాలేరు. కానీ మొదటి రెండు రోజులు తాపీ ముట్టుకోకుండా, ఈ ఊళ్ళో ఇల్లు ఎలా కడతారో అడిగి రాసుకోవచ్చు కదా. తక్కిన ఎనిమిది రోజులు ఎలా గడవాలో ఊరే చెబుతుంది.

సాక్ష్యాల్లో ఎక్కడా కనిపించని ప్రశ్న ఇంకొకటి ఉంది. నీళ్ళు ఎందుకొచ్చాయి? ‘ప్రకృతి ప్రకోపం’ అని ఒక మాట, లేదా ‘దేవుని చిత్తం’ అని ఒక మాట రాసి ముందుకు వెళతారు. 2022 వరద పోలవరం కట్టడం వల్ల ఎత్తు పెరిగిందని తెలంగాణ మంత్రి ఒకరు అన్నారు. కాదని ఆంధ్ర మంత్రులు అన్నారు. మా ఊళ్ళవాళ్ళు ఏమంటారో ఎవరూ పత్రికలో వెయ్యలేదు. పోలవరం పూర్తి నీటిమట్టం 45.72 మీటర్లు. ఆ లెక్కన ముంపులోకి పోయే ఊళ్ళు ఈ మండలాల్లోనే ఉన్నాయి. ముంపు ఊళ్ళో కొత్త ఇల్లు కట్టడం అంటే ఏమిటి? పరిహారం చేతికి రాకుండా జనం ఊరు విడవరు. విడవనివాళ్ళకు తల మీద కప్పు కావాలి. కాబట్టి కట్టడం సరైనదే కావచ్చు. ఇల్లు కట్టినవాళ్ళకు ఆ ఇల్లు ఎన్నేళ్ళు నిలుస్తుందో తెలిసి ఉంటే వాళ్ళ సాక్ష్యం వేరుగా ఉండేది. బస్సెక్కి వెళ్ళిపోయే ముందు కనీసం ఒక అర్జీ మీద సంతకం పెట్టి ఉండేవాళ్ళేమో. మన కుర్రవాడికి ఇదంతా తెలుసు. వాడి తండ్రి ప్యాకేజీ కాగితాలు పట్టుకుని ఐటీడీఏ ఆఫీసు చుట్టూ తిరుగుతున్నాడు. అయినా సాక్ష్యంలో రాయలేదు. అక్కడ అది రాసే మాట కాదని వాడికి ఎవరూ చెప్పకుండానే అర్థమైంది.

సెలవుల్లో వాడు వచ్చినప్పుడు నాయనమ్మ అడిగిన మాట వాడికి చెప్పాం. కొంచెంసేపు మాట్లాడలేదు. తర్వాత, “ఇసుక గురించి రాస్తే వాళ్ళు తీసేస్తారు సార్” అన్నాడు. తీసేస్తే తీసెయ్యనీ, నువ్వు రాశావా అని అడిగాం. అడగడం తేలిక. వాడి ఫీజులో కొంత ఆ సంఘమే కడుతోంది. ఆ సంగతి మాకు తెలిసి కూడా అడిగాం. అందుకు తర్వాత సిగ్గుపడ్డాం. మన పిల్లలు చదువు కోసం ఎవరి నీడన ఉంటారో వాళ్ళ వాక్యాలే రాస్తారు. మేమూ ఆశ్రమ పాఠశాలలో ఉన్నప్పుడు రాశాం. ఆ నీడ వదిలి రమ్మని చెప్పడానికి మా దగ్గర ఇంకో నీడ లేదు.

ఒక్క పని మాత్రం మొదలుపెట్టాం. పదో తరగతి పిల్లలకు ఇప్పుడు వ్యాసరచనలో ‘నేను చూసిన వరద’ అని ఇస్తున్నాం. రాసినవన్నీ మామూలు గుర్తులతో దిద్దాక రెండోసారి చదివిస్తున్నాం. ప్రతి వాక్యంలో పని చేసింది ఎవరో గీత గీయమంటాం. పనిచేసినవాళ్ళ పేరు లేకపోతే పేరు రాయమంటాం. మొదటి ఏడాది పిల్లల కాగితాల్లో ఎక్కువ గీతలు ఎవరి కింద పడ్డాయో తెలుసా? హెలికాప్టర్ కింద. పడవ నడిపి వాళ్ళను గుట్ట ఎక్కించిన పెదనాన్న కాగితంలో లేడు.

2024 సెప్టెంబర్ మొదట్లో ఖమ్మంలో మున్నేరు పొంగి కాలనీలు మునిగినప్పుడు మా కుర్రవాడు మళ్ళీ వెళ్ళాడు, అదే సంఘంతో. ఈసారి ఇళ్ళు కట్టడం కాదు, ఇళ్ళల్లోంచి బురద ఎత్తిపోయడం. తిరిగి వచ్చి మూడు పేజీలు రాసి పంపాడు. ఇంటివాళ్ళ పనులు రాశాడు. ఎవరు మోటారు తెచ్చారో, ఎవరు టీ పెట్టారో, ఎవరు తడిసిన సర్టిఫికెట్లు తాడు మీద ఆరబెట్టుకుంటూ తమను లోపలికి రానివ్వలేదో అన్నీ రాశాడు. రానివ్వని ఆమె గురించి రాసిన పేరా మాకు బాగా నచ్చింది. మూడో పేజీలో మాత్రం ఒక చోట “వారి కొరకు మేము” అని పాత వాక్యమే మళ్ళీ వచ్చింది. దాని చుట్టూ సున్నా చుట్టి తిప్పి పంపాం. ఇంకా జవాబు రాలేదు. పరీక్షలు అంటున్నాడు.